గోథమ్ దత్తపుత్రులు, కోర్లియోన్ కొడుకులు

బ్యాట్‌మన్ కుటుంబం మీద పాతకాలం నుంచీ ఒక అభియోగం ఉంది. ముసుగులు తీసేస్తే అదీ ఒక ముఠా ఇల్లేనని. మాట చెల్లే ఒక పెద్ద, ఆయన వెనక నడిచే కొడుకులు, చట్టం అవతల సాగే పని, గుట్టు గడప దాటకూడదనే కట్టుబాటు, తరం మారినా ఆరని పగ. ఈ లక్షణాలన్నీ మారియో పూజో 1969 నవల ‘ది గాడ్‌ఫాదర్’లోని కోర్లియోన్ కుటుంబంలో ఎన్ని ఉన్నాయో, 1939 నుంచి కామిక్స్‌లో నడుస్తున్న బ్రూస్ వేన్ ఇంట్లోనూ అన్ని ఉన్నాయి. బ్యాట్‌మన్ ముసుగు వెనక ఉన్న మనిషి ఈ బ్రూసే. కర్నూలు, కడప, అనంతపురం పాఠకులకు ఇది కాగితం మీది పోలికగా ఆగిపోదు. వర్గం, పగ, రాజీ, చనిపోయిన అనుచరుడి పిల్లల్ని నాయకుడు సాకడం వంటివి ఇక్కడ ఊరి పెద్దల జ్ఞాపకాల్లో ఉన్న సంగతులు. అందుకే ఆ అభియోగాన్ని కొట్టిపారేయకుండా కీలు కీలు విప్పి చూడాలి. అలా చూస్తే అందులో సగానికి పైగా నిజమని తేలుతుంది. మిగిలిన సగం ముఖ్యంగా ఒక చోట వీగిపోతుంది: ఇంటి పెద్ద మాట కాదన్నవాడికి ఆ ఇంట్లో ఏం జరుగుతుంది అన్న చోట.

పోలిక మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త అవసరం. కోర్లియోన్ల కథ ఒక నవల, 1972, 1974, 1990ల్లో వచ్చిన మూడు సినిమాలతో గట్టున పడింది. బ్యాట్‌మన్ కథను ఎనభై ఏళ్లకు పైగా ఎందరో రచయితలు రాస్తూ వస్తున్నారు. ఏదో ఒక సంచికలోని ఒక్క బొమ్మ చూపించి బ్రూస్‌ను దేవుడనీ అనవచ్చు, రాక్షసుడనీ అనవచ్చు. అలాంటి ఒంటరి ఉదాహరణలకు విలువ లేదు. తరవాత వచ్చిన రచయితలు కూడా కాదనకుండా మోసుకొచ్చిన సంఘటనలే ఇక్కడ పనికొస్తాయి.

పగ ఎక్కడ ఆగింది

రెండు ఇళ్లకూ పునాది ఒక్కటే: కన్నవాళ్లు హత్యకు గురైన పిల్లవాడు. 1901లో సిసిలీలోని కోర్లియోన్‌లో మాఫియా పెద్ద డాన్ చిచ్చో, తరవాత కోర్లియోన్ల ఇంటి పెద్ద అయిన విటో ఆండోలినీ తండ్రిని, అన్నను చంపించాడు. కొడుకును వదిలేయమని బతిమాలబోయిన తల్లి కూడా ఆ పిల్లవాడి కళ్లెదుటే కూలిపోయింది. తొమ్మిదేళ్ల విటో ఓడెక్కి న్యూయార్క్ చేరాడు. ఓడ దిగిన చోట సొంతూరి పేరే అతని ఇంటిపేరైంది. బ్యాట్‌మన్ ఊరు గోథమ్‌లో బ్రూస్ వేన్ తల్లిదండ్రులు థామస్, మార్తాలను ఒక దొంగ వీధిలో కాల్చి చంపాడు. ఈ పూర్వకథను 1939 నవంబరు సంచిక మొదటిసారి చెప్పింది.

విటో పెద్దవాడై, ఆలివ్ నూనె వ్యాపారం పెట్టి, పెళ్లాం పిల్లలతో సొంతూరికి తిరిగి వెళ్లాడు. ముసలివాడైన చిచ్చో చెయ్యి ముద్దుపెట్టుకునే నెపంతో దగ్గరికి పోయి, తండ్రి పేరు చెప్పి కడుపులో కత్తి దించాడు. లెక్క సరిపోయింది. సీమలో ఏ పాతపగ కథ విన్నా ఈ ఘట్టం ఉంటుంది.

1940 ఏప్రిల్ సంచికలో, బ్రూస్ చేరదీసిన పిల్లల్లో మొదటివాడు డిక్ గ్రేసన్ పరిచయమయ్యాడు. సర్కస్‌లో ఉయ్యాల విన్యాసాలు చేసే కుటుంబం వాళ్లది. టోనీ జూకో అనే ముఠాదారు సర్కస్ యజమానిని కాపలా సొమ్ము అడిగాడు. ఆయన ఇవ్వనన్నాడు. జూకో మనుషులు ఉయ్యాల తాళ్లకు యాసిడ్ పూశారు. ప్రదర్శన నడుస్తుండగానే తాళ్లు తెగి తల్లి, తండ్రి ఇద్దరూ పోయారు. డబ్బిస్తే కాపాడతాం, ఇవ్వకపోతే మా వల్లే ప్రమాదం అన్న ఈ బేరం సీమ చరిత్రకు కొత్తది కాదు. పాలెగాళ్ల కాలంలో కావలి పేరిట ఊళ్ల మీద రుసుం వసూలయ్యేది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ముందు పాలెగాళ్ల అధికారాన్నే విరిచాడు.

డిక్ పోలీసుల దగ్గరికి పోతానన్నాడు. బ్యాట్‌మన్ ఆపాడు. ఊరంతా జూకో గుప్పిట్లో ఉంది, నోరు విప్పితే గంట కూడా బతకవని చెప్పాడు. కొవ్వొత్తి వెలుగులో ఆ పిల్లవాడి చేత ప్రమాణం చేయించి సాము నేర్పాడు, రాబిన్ అనే పేరుతో తన జతగాణ్ని చేసుకున్నాడు. ఇంతవరకు చూస్తే ముఠాలో చేర్చుకునే పద్ధతికీ దీనికీ తేడా లేదు. చివర మాత్రం వేరు. జూకో తన మనిషినే ఎత్తయిన ఇనుప దూలం మీంచి తోసి చంపుతుంటే డిక్ ఫోటో తీశాడు. ఆ ఫోటో కోర్టుకు సాక్ష్యమైంది. తల్లిదండ్రుల్ని చంపినవాణ్ని చేతికందిన చోట చంపకుండా బోనెక్కించారు. సాక్షులు అడ్డం తిరిగి, కోర్టు బయట రాజీ కుదిరి, కేసు వీగిపోయి, తిరిగి కొడవళ్లు లేచే వరస తెలిసినవాళ్లకు ఆ ఫోటో విలువ బాగా అర్థమవుతుంది. పగను సాక్ష్యంగా మార్చగలిగితే అది అక్కడితో ఆగుతుంది. చిచ్చో కడుపులో దిగిన కత్తి ఆగలేదు. మూడు తరాల దాకా నడిచింది.

ఇంట్లోకి వచ్చే దారి

డిక్‌ను బ్రూస్ దత్తత తీసుకున్నాడని చాలామంది రాస్తారు. మొదటి అరవై ఏళ్లపాటు అది నిజం కాదు. డిక్ అతని సంరక్షణలో ఉన్న పిల్లవాడు, అంతే. మన 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం లెక్కన చెప్పాలంటే బ్రూస్ గార్డియన్, డిక్ వార్డు. ఆ సంబంధం మైనారిటీ తీరేదాకానే ఉంటుంది, ఆస్తిలో హక్కు రాదు. చట్టబద్ధమైన దత్తత 2000 తరవాతి కథల్లో, డిక్ పెద్దవాడయ్యాక జరిగింది. అప్పటికే అతను విడిగా ఇల్లు పెట్టుకుని, వేరే ఊరికి కాపలా కాస్తున్నాడు. పెంచినాయన మనసులో తన స్థానమేమిటన్న ప్రశ్న అతన్ని అన్నేళ్లూ వదల్లేదు. ఆ జాప్యం బ్రూస్ తప్పే.

మన చట్టం ప్రకారం చూస్తే ఆ ఇంటి అల్లిక ఎంత వింతదో తెలుస్తుంది. 1956 హిందూ దత్తత చట్టం కింద కొడుకు బతికి ఉండగా మరో కొడుకును దత్తత తీసుకోకూడదు. ఆ కొడుకు కన్నవాడైనా దత్తుడైనా ఒకటే. ఆచారం ఒప్పుకుంటే తప్ప పదిహేనేళ్లు నిండినవాణ్ని దత్తత ఇవ్వరు. మగవాడు ఆడపిల్లను దత్తత తీసుకోవాలంటే ఇద్దరి మధ్య ఇరవై ఒక్క ఏళ్ల తేడా ఉండాలి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఒంటరి పురుషుడికి ఆడపిల్లను అసలు దత్తత ఇవ్వరు. అంటే 1956 చట్టం కింద బ్రూస్‌కు ఒక్క కొడుకే దక్కేవాడు. తరవాత రాబిన్ అయిన టిమ్ డ్రేక్ వయసు మీరినవాడయ్యేవాడు. దత్తపుత్రిక కసాండ్రా కెయిన్ విషయం ఏ చట్టం కింద అడిగారన్న దాని మీదే తేలిపోయేది.

కోర్లియోన్ ఇంట్లో పెంపుడు కొడుకు టామ్ హేగెన్. జర్మన్, ఐరిష్ రక్తం. కంటిజబ్బుతో వీధిలో తిరుగుతున్న అతన్ని విటో పెద్ద కొడుకు సన్నీ ఇంటికి తీసుకొచ్చాడు. విటో వైద్యం చేయించాడు, అన్నం పెట్టాడు, లా చదివించాడు. దత్తత మాత్రం తీసుకోలేదు. కన్న తల్లిదండ్రుల్ని అగౌరవపరచినట్టవుతుందని కారణం చెప్పాడు. ఈ కారణం వినడానికి ఎంతో మర్యాదగా ఉంటుంది. ఆచరణలో దాని ఫలితం వేరు. హేగెన్ ఆ ఇంటి సలహాదారు కాగలిగాడు గానీ వారసుడు కాలేడు. సిసిలీ వాడు కానివాణ్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టినందుకు మిగతా కుటుంబాలు కోర్లియోన్లను ఐరిష్ ముఠా అని ఎగతాళి చేశాయి.

పరాయి ఇంటి బిడ్డను చేర్చుకోవడానికి మన ప్రాంతంలో ఇంకో పద్ధతి ఉంది, ఇల్లటం. కొడుకులు లేని రైతు కూతుర్ని ఇచ్చి అల్లుణ్ని ఇంట్లోనే పెట్టుకుంటాడు. పొలం పని, పెత్తనం చూసుకున్నందుకు అల్లుడికి కొడుకుతో సమానమైన వాటా. పుట్టింటి ఆస్తిలో హక్కు కూడా పోదు. రెడ్డి, కమ్మ కుటుంబాల్లోని ఈ ఆచారాన్ని మద్రాసు కోర్టులు ఏనాడో గుర్తించాయి. ఇందులో బేరం దాచిపెట్టినది కాదు: ఇంత పని, ఇంత వాటా. కోర్లియోన్ల అల్లుడు కార్లో రిజ్జీకి అదీ లేదు. బతుకుతెరువు చూపించండి గానీ ఇంటి వ్యవహారం అతని చెవిన వేయొద్దని విటో ఆదేశం. లోపలికి రానివ్వక, బయటికి పోనివ్వక గడపలో నిలబెట్టిన అల్లుడు శత్రువుకు అమ్ముడుపోయాడు. సన్నీని దారిలో కాల్చి చంపడానికి అతనే తలుపు తీశాడు.

ఆజ్ఞ, అడ్డుగోడ

కోర్లియోన్ల యంత్రాంగం తెలివైనది. పైన డాన్, పక్కన సలహాదారు, కింద క్లెమెంజా, టెసియో లాంటి దళపతులు, వాళ్ల కింద మనుషులు. డాన్ నోటి మాట నేరుగా తుపాకీ పట్టినవాడి దాకా పోదు. మధ్యలో ఎవరైనా పట్టుబడినా దారం పైదాకా చేరదు. డబ్బు కింది నుంచి పైకి పోతుంది, ఆజ్ఞ పై నుంచి కిందికి వస్తుంది. గోథమ్‌లో ఈ రెండూ తిరగబడ్డాయి. డబ్బు పై నుంచి కిందికి వస్తుంది, పిల్లలు ఎవరూ కప్పం కట్టరు. బ్రూస్ తానే మేడల మీద ఉంటాడు, తుపాకీ గుండు ముందు అతన్నే తాకుతుంది. అతనికి అడ్డుగోడ లేదు. ముఠా కుటుంబమనే అభియోగం గట్టిగా దెబ్బతినేది ఇక్కడే.

అయితే అడ్డుగోడ లేని ఆ మనిషికి ఇంకో జబ్బుంది. ఆలోచనను కడుపులోనే పెట్టుకుంటాడు. బ్రూస్ చేరదీసిన మరో పిల్లవాడు జేసన్ టాడ్. అతని తండ్రిని చంపింది టూ-ఫేస్ అనే నేరగాడన్న సంగతి బ్రూస్‌కు తెలుసు. 1987 కథలో దాన్ని జేసన్‌కు చెప్పకుండా దాచాడు. పిల్లవాడు వేరే దారిన తెలుసుకుని రగిలిపోయాడు. ఇంటి పెద్ద రహస్యం దాచడం అక్కడ కోర్లియోన్ల ఇంటిదాకా పోయింది.

ఆ జబ్బు ముదిరితే ఏమవుతుందో 2004లో వచ్చిన కథ చూపించింది. రెండు కుటుంబాల పోలికకు దీన్ని మించిన ఆధారం లేదు. గోథమ్ ముఠాలన్నిటినీ ఒకే నాయకుడి కిందికి తెచ్చి, ఆ నాయకుణ్ని తన మనిషిగా పెట్టుకోవాలని బ్యాట్‌మన్ ఒక పథకం రాసి పెట్టుకున్నాడు. అమలు చేయలేదు, కంప్యూటర్‌లో ఉంచుకున్నాడు. ముఠాలను అణచలేకపోతే వాటికి కనపడని డాన్ తానే అవుతానన్నమాట. స్టెఫనీ బ్రౌన్ కొన్నాళ్లు రాబిన్‌గా ఉంది. మాట వినలేదని బ్రూస్ ఆమెను తీసేశాడు. తనను తాను నిరూపించుకోవాలని ఆమె ఆ పథకాన్ని బయటికి తీసి మొదటి మెట్టు ఎక్కింది. ముఠా నాయకులందరికీ రహస్యంగా కబురు పంపి ఒక చోటికి పిలిపించింది.

పథకం నిలబడాలంటే మ్యాచెస్ మలోన్ అనే చిల్లర ముఠాదారు అక్కడికి రావాలి. అందరికీ మధ్యవర్తి అతనే. ఆ మ్యాచెస్ మలోన్ బ్రూస్ మారువేషమే. ఆ ఒక్క సంగతి స్టెఫనీకి తెలియదు, ఆమె పథకం తీసిందని బ్రూస్‌కు తెలియదు. మలోన్ రాలేదు. పిలిచిందెవరో అంతు పట్టక ఒకరినొకరు అనుమానించుకున్న నాయకుల మధ్య కాల్పులు మొదలయ్యాయి. ఊరంతా ముఠాల యుద్ధమైంది. బ్లాక్ మాస్క్ అనే ముఠాదారు అదను చూసి పైకొచ్చాడు. స్టెఫనీ అతని చేతికి చిక్కి చిత్రహింసలు పడింది. ఆమె చనిపోయిందనే అందరూ అనుకున్నారు. బతికే ఉందని పాఠకులకు తెలిసింది 2008లో.

కోర్లియోన్ల పతనం ఎక్కడ మొదలైందో గుర్తు చేసుకుంటే ఈ రెండు తప్పులూ ఎదురెదురుగా కనిపిస్తాయి. సొలోట్జో అనే ముఠాదారు మాదకద్రవ్యాల బేరంతో వచ్చినప్పుడు విటో ఒప్పుకోలేదు. సన్నీ మాత్రం అందరి ముందు నోరు జారి ఆసక్తి బయటపెట్టాడు. ముసలాయన్ను తప్పిస్తే కొడుకు దారికొస్తాడని సొలోట్జో లెక్క కట్టాడు. విటో మీద కాల్పులు ఆ లెక్క ఫలితమే. అక్కడ గుట్టు బయటికి పొక్కి ప్రమాదం వచ్చింది. ఇక్కడ గుట్టు ఇంట్లోవాళ్లకే తెలియక ప్రమాదం వచ్చింది. నేరం మీద బతికే ఇంటికి గుట్టు ప్రాణం. పిల్లల్ని కాపాడాల్సిన ఇంటికి అదే విషం. బ్రూస్ తన ఇంటిని డాన్ ఇల్లులా నడిపిన ప్రతిసారీ ఇల్లు కూలింది.

కాదన్నవాడు

ఇక అసలు చోటు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. విటో పట్టాడు. శత్రు కుటుంబం పెద్ద బర్జీనితో రాజీ సమావేశం పెట్టిద్దామని ఎవడు ముందుగా వచ్చి అంటాడో వాడే ద్రోహి అని, తన తరవాత పెత్తనం అందుకున్న చిన్నకొడుకు మైకేల్‌కు ముందే చెప్పి పోయాడు. టెసియో వచ్చి అన్నాడు. పాత స్నేహం గుర్తుచేసి వదిలిపెట్టమని హేగెన్‌ను అడిగాడు. కుదరదన్నది సమాధానం.

మైకేల్ అన్న ఫ్రేడో సంగతి ఇంకా కఠినం. అన్నదమ్ముల్లో మెత్తనివాడు, అవమానపడ్డవాడు. తమ్ముడి కింద పనివాడిలా బతకలేక శత్రువులకు సమాచారం అందించాడు. తల్లి బతికున్నన్నాళ్లు వాడి జోలికి పోవద్దని మైకేల్ ఆదేశించాడు. తల్లి శవం ఇంట్లో ఉండగానే అన్నను కౌగిలించుకున్నాడు. తరవాత సరస్సులో చేపలు పడుతున్న పడవలో ఫ్రేడోను కాల్పించాడు. ఆ కౌగిలి చూసి క్షమించాడనుకున్న ప్రేక్షకుడికి ఆ ఇంటి న్యాయం అప్పుడే అర్థమవుతుంది. అక్కడ క్షమాపణ అంటే వాయిదా.

కోర్లియోన్ల దళపతి ఫ్రాంక్ పెంటాంజెలీ ముగింపు సీమ పాఠకుణ్ని మరింత పట్టి కుదుపుతుంది. సెనేట్ విచారణలో మైకేల్‌కు వ్యతిరేకంగా చెప్పాల్సిన సాక్షి అతను. సిసిలీ నుంచి అన్నను రప్పించి మైకేల్ పక్కన కూర్చోబెట్టేసరికి అడ్డం తిరిగాడు. తరవాత హేగెన్ అతన్ని కాపలాలో ఉంచిన చోటికి వెళ్లి మాటల మధ్య రోమన్ చక్రవర్తుల కాలం ఎత్తాడు. కుట్ర విఫలమైనవాళ్లు స్నానాల తొట్టిలో నరాలు కోసుకుంటే వాళ్ల కుటుంబాల్ని చక్రవర్తి చల్లగా చూసేవాడని గుర్తుచేశాడు. పెంటాంజెలీకి అర్థమైంది, అలాగే చేశాడు. చచ్చినవాడి పిల్లల్ని మేము చూసుకుంటాం అన్న హామీ ఇక్కడ కొత్తది కాదు. వర్గం కోసం పోయినవాడి కొడుకును నాయకుడు చదివిస్తాడు, కూతురికి పెళ్లి చేస్తాడు. ఆ పిల్లవాడు ఆ ఇంటి అన్నం తిన్న రుణంతో పెరిగి, తండ్రి నిలబడిన చోటే నిలబడతాడు. అందులో ప్రేమ ఉండదని కాదు. ఆ ప్రేమకు వాపసు తేదీ ఉంటుంది. ఇంకో బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఆ బేరం పెంటాంజెలీ చెవిన వేసింది అదే పద్ధతిలో పెరిగిన పెంపుడు కొడుకు.

ఇప్పుడు జేసన్ టాడ్. బ్యాట్‌మన్ కారు చక్రాలు విప్పుతూ దొరికిన వీధి పిల్లవాడు, రెండో రాబిన్. 1988లో బ్యాట్‌మన్ బద్ధశత్రువు జోకర్ చేతిలో పడ్డాడు. చావాలా బతకాలా అన్నది ప్రచురణకర్తలు పాఠకులకే వదిలి ఫోను ఓట్లు పెట్టారు. బతకాలని 5,271, చావాలని 5,343. డెబ్బై రెండు ఓట్ల తేడాతో ఆ పిల్లవాడు పోయాడు. అతని దుస్తుల్ని బ్రూస్ గుహలో అద్దాల పెట్టెలో నిలబెట్టాడు. మంచి సైనికుడు అని దాని మీద రాయించాడు. కొడుకు అని రాయించి ఉండాల్సింది.

2005లో జేసన్ తిరిగొచ్చాడు, రెడ్ హుడ్ పేరుతో. వచ్చీ రాగానే మాదకద్రవ్యాల దళారుల్ని పిలిపించి, వాళ్ల అనుచరుల తలలు నింపిన సంచీ ముందు పడేశాడు. కప్పం నాకు కట్టండి, పిల్లలకు అమ్మొద్దు అన్నాడు. అంటే గోథమ్ ఇంటి నుంచే ఒక డాన్ పుట్టుకొచ్చాడు. తనను కాపాడలేకపోయినందుకు కాదు అతని కోపం. తనను చంపినవాడు ఇంకా ఊపిరి పీలుస్తున్నాడని. విటో కొడుకైతే ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే వచ్చేది కాదు. చివరికి జోకర్‌ను ఎదురుగా పెట్టి, వాణ్ని చంపు లేదా నన్ను కాల్చి ఆపు అని తండ్రికి తుపాకీ ఇచ్చాడు. బ్రూస్ తుపాకీ పారేశాడు. జోకర్‌ను కాల్చబోతున్న కొడుకు మీదికి తన ఆయుధం విసిరాడు. అది జేసన్ మెడ కోసింది. ఈ ఘట్టాన్ని సమర్థించడం కష్టం. శత్రువు ప్రాణం కోసం కొడుకు రక్తం చిందించిన తండ్రి అనిపించుకున్నాడు.

అయినా ఫ్రేడో కథను దీని పక్కన పెట్టి చూస్తే తేడా దాగదు. జేసన్ హత్యలు చేశాడు, తమ్ముళ్ల మీద దాడి చేశాడు, ఆ ఇంటి ఏకైక కట్టుబాటును తెంచాడు. అతన్ని చంపమని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు, అలా అనే అధికారం ఎవరికీ లేదు. పదేళ్లకు పైగా వచ్చిన కథల్లో అతను కొట్లాడుతూ, పోతూ, మళ్లీ వస్తూనే ఉన్నాడు. డిక్ అంతకుముందే 1984లో రాబిన్ వేషం వదిలేసి నైట్‌వింగ్‌గా మారాడు. ఎవరూ వెంటాడలేదు. బ్రూస్ ఇంటి నౌకరు ఆల్ఫ్రెడ్ కూడా ఒకసారి విసిగి వెళ్లిపోయాడు. బ్రూస్ తన విరిగిన శరీరాన్ని తానే నాశనం చేసుకోవడం చూడలేనన్నాడు. వెళ్లినవాడు మాట్లాడుకుని తిరిగి రాగలగడం చిన్న విషయం కాదు. కోర్లియోన్ ఇంట్లో గడప దాటినవాడికి తిరుగుదారి లేదు. దాటించకుండానే మైకేల్‌ను కూడా ఆ ఇల్లు మింగేసింది.

కుర్చీ ఎవరిది

వారసత్వం దగ్గర లెక్క తారుమారవుతుందని చాలామంది ఊహించరు. ఇద్దరు పెంపుడు కొడుకులూ ఒక దశలో ఇల్లు నడిపారు, ఇద్దరూ తిరిగి అప్పగించారు. పడకగదిలోకి తూటాలు దూసుకొచ్చిన రాత్రి మైకేల్ పెత్తనం హేగెన్‌కు ఇచ్చి వెళ్లాడు. హేగెన్ నమ్మకంగా చూసుకున్నాడు. తిరిగొచ్చాక మైకేల్ అతన్ని మెల్లగా దూరం పెట్టాడు, నిజాలు దాచాడు, విధేయతను శంకించాడు. అంతకుముందే యుద్ధకాలానికి తగిన సలహాదారు కాదని ఒకసారి పక్కన పెట్టాడు.

గోథమ్‌లో 2006లో డేమియన్ వచ్చాడు. బ్రూస్ కన్నకొడుకు, తల్లి తాలియా, తాత రాస్ అల్ గూల్. హంతకుల మధ్య పెరిగినవాడు. వచ్చీ రాగానే టిమ్ మీద దాడి చేశాడు. రక్తం తనదని, మిగతావాళ్లు అద్దెకున్నవాళ్లని అతని ధీమా. 2009లో బ్రూస్ చనిపోయాడని తోటివాళ్లు నమ్మినప్పుడు ముసుగు వేసుకున్నది డిక్. డేమియన్‌ను చంపలేదు, బయటికి పంపలేదు, రాబిన్‌గా పక్కన పెట్టుకుని పెంచాడు. అందువల్ల అన్యాయమైపోయింది టిమ్. ఏళ్ల తరబడి మోసిన స్థానం మాట కూడా లేకుండా చేజారింది. వేరే పేరుతో ఊరు విడిచిపోయాడు. పెంపుడు పెద్దకొడుకు కుర్చీలో కూర్చుని కన్న వారసుణ్ని సాకి, తండ్రి తిరిగొచ్చాక పెత్తనం వదులుకోవడం ఏ ముఠా కుటుంబం లెక్కల్లోనూ లేదు. మన ఊళ్లలో దాయాదుల తగాదాలు చూసినవాళ్లు డిక్ చేసిన పని ఎంత అరుదో చెప్పగలరు.

ఆడవాళ్ల విషయం రెండు మాటల్లో చెప్పొచ్చు. చెల్లెలి భర్త కార్లోను నువ్వే చంపించావా అని భార్య కే అడిగితే మైకేల్ ముఖం మీదే అబద్ధమాడాడు, ఆమె ముందే తలుపు మూసుకుంది. గోథమ్‌లో బార్బరా గోర్డన్ పోలీస్ కమిషనర్ కూతురు. 1988లో జోకర్ కాల్పుల్లో నడుం కింద చచ్చుబడింది. ఆ తరవాత ఆ ఇంటి సమాచారమంతా ఆమె చేతిమీదుగానే నడిచింది. బ్రూస్ అబద్ధాల్ని ముఖం మీదే ఎండగట్టే హక్కు ఆమె తీసుకుంది, ఎవరూ ఇవ్వలేదు.

తేలని అభియోగం

ఇన్ని చెప్పాక కూడా ఒక అభియోగం బ్రూస్ మెడకు చుట్టుకునే ఉంటుంది. పిల్లల్ని తన యుద్ధంలోకి దించాడు. మైకేల్ అన్నా పెద్దవాడై, యుద్ధం చేసి వచ్చిన సైనికుడై, కళ్లు తెరిచి ఆ వ్యవహారంలో దిగాడు. డిక్, జేసన్, టిమ్, డేమియన్ నలుగురూ మీసం రాని వయసులో తూటాల ముందు నిలబడ్డారు. జేసన్ పోయిన మరుసటి ఏడాది, 1989లో, టిమ్ వచ్చాడు. ఒక కసరత్తు కదలికను బట్టి బ్యాట్‌మన్ ఎవరో కనిపెట్టిన తెలివైన పిల్లవాడు. రాబిన్ లేకపోతే బ్యాట్‌మన్ గతి తప్పుతాడు, అందుకే నేను వస్తానన్నాడు. తండ్రి మనసు కుదురుగా ఉండటానికి పిల్లవాడు ప్రాణం పణం పెట్టాలన్న వాదన అది. దాన్ని బ్రూస్ చివరికి ఒప్పుకున్నాడు. కొడుకు కొడవలి పట్టకపోతే ఇంటి పరువు పోతుందని చెప్పే పెద్దల వాదనకు అది మరీ దూరం కాదు. కొడవలికి బదులు కర్ర, చంపడానికి బదులు కట్టేయడం. తేడా ఉంది, చాలా పెద్ద తేడా. పిల్లవాడి చేతికి ఏదో ఒకటి ఇవ్వడం మాత్రం రెండు చోట్లా ఉంది.

దీనికి కామిక్స్ ఇచ్చిన మంచి సమాధానం ఆలస్యంగా, బ్రూస్ వల్ల కాకుండా వచ్చింది. 2019 కథలో బేన్ అనే శత్రువు చేతిలో ఆల్ఫ్రెడ్ చనిపోయాడు. 2021లో తెలిసిందేమిటంటే ఆయన తన ఆస్తినంతా డిక్ పేర రాసి పోయాడు, అది వేల కోట్లకు తూగే సంపద. డిక్ ఆ డబ్బుతో ఆల్ఫ్రెడ్ పేరిట ఒక సంస్థ పెట్టాడు. తానుండే బ్లడ్‌హేవెన్‌లో ఇల్లులేని పిల్లలకు, పేదలకు ఆశ్రయం కట్టడం మొదలుపెట్టాడు. అక్కడ చేరే పిల్లలెవరి చేతా కొవ్వొత్తి ముందు ప్రమాణం చేయించలేదు.